యజమాని లేని కార్ఖానా

ఆదోని ఎందుకు పోయావని అడిగిన వాళ్ళకి మా తెనాలిలో నేను మూడు రకాల జవాబులు చెప్పాను. బావమరిదికి పత్తి బేరమన్నాను. మా ఆవిడకి పాత మొక్కుబడి ఉందన్నాను. బజారులో వాళ్ళకి ఊరికే నాలుగు ఊళ్ళు చూసి రావడానికన్నాను. మూడూ అబద్ధాలే. పోయి రావడం అయిపోయింది కాబట్టి, ఇంక దాచి లాభం లేదు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గోనెసంచిలో పెట్టుకున్నది

నాకు చిన్న ఫౌండ్రీ ఉంది. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసి బియ్యపు మిల్లులకి కావలసిన సామాను చేస్తాం. మా నాన్న పెట్టింది. పదకొండుమంది దానిమీద బతుకుతున్నారు, నన్ను కలుపుకుంటే పన్నెండు. మొన్న వేసవి నుంచి మేము పోసిన, వడ్లు దంచే హల్లరు సిలిండర్లు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలుపెట్టాయి. పైకి నున్నగానే ఉంటాయి. లేతు మీద పెట్టి లోపలి బోలులో ఒక పొర చెక్కితే అంతా బుడగలు. పైన పటారం, లోన లొటారం.

మా మోల్డరు కోటాచారి. ఇసకలో అచ్చు దిద్దేది ఆయనే, మా నాన్న కాలం నుంచి ఆయనే. నాలుగో సిలిండరు వాపసు వచ్చిన రోజున నేను పనివాళ్ళందరి ముందూ ఆయన మీద కేకలు వేశాను. కళ్ళు కనిపించకపోతే ఇంట్లో కూర్చోమన్నాను. ఆయన చేతిలో తాపీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు. అది మూడు నెలల కిందటి సంగతి. అప్పటి నుంచి ఆయన ఇంటి దగ్గరే గుళ్ళకి కంచు గంటలు పోసుకుంటున్నాడు. మాకు మాత్రం సిలిండర్లు బాగుపడలేదు. వరికోతలు దగ్గరపడుతున్నాయి. ఈసారి సరుకు కూడా ఇలాగే ఉంటే బెజవాడలో చేయించుకుంటామని మిల్లుల వాళ్ళు తెగేసి చెప్పారు. వాళ్ళు పోతే నా కొలిమి ఆరినట్టే.

అటువంటప్పుడు గుంటూరులో మా చుట్టాల నూనెమిల్లులో ఒక పళ్ళచక్రం చూశాను. పోత అంటే అదీ. ఎక్కడా ఒక గరుకు లేదు. ఎవరు చేశారో పేరు కూడా లేదు. అడిగితే, ఆదోనిలో ధర్మ కార్ఖానా అని ఒకటుందట, దానికి యజమాని లేడట, లాభం ఎవరూ తీసుకోరట అన్నారు. యజమాని లేని చోట నుంచి మనిషిని లాక్కురావడం ఎంత పని అనుకున్నాను. ఆ మోల్డరుకి రెండు జీతాలిచ్చి తెనాలి తీసుకొచ్చేద్దామని బయలుదేరాను. చెడిపోయిన సిలిండరొకటి సమ్మెటతో పగలగొట్టి, మణుగు బరువున్న ముక్క గోనెసంచిలో కట్టి పెట్టుకున్నాను. మనిషి దొరికితే చాటుగా చూపించి జబ్బేమిటో అడగాలని.

గుంతకల్లు దాకా

నంద్యాల దాటిన తరువాత కిటికీలో పచ్చదనం తగ్గిపోయింది. మా వైపు చేను అంటే నీళ్ళు, నీళ్ళలో ఆకాశం. ఇక్కడ చేను అంటే నల్లమట్టి, దానిమీద కనుచూపు మేర జొన్న. మనుషులు మాత్రం మాకంటే తొందరగా పలకరిస్తారు. డోన్ దగ్గర ఎక్కిన ఒక ముసలమ్మ కూర్చోగానే మూట విప్పి నాకు సగం జొన్నరొట్టె చేతిలో పెట్టింది. దానిమీద ముద్దగా వేరుశనగ కారం, వాళ్ళు ఊరుమిండి అంటారు. మా ఊళ్ళో రైల్లో ఎవరైనా తిండి పెడితే మందు కలిపారేమోనని చూస్తాం. నేనూ అలాగే చూశాను. చూసి, తిన్నాను. ఆ రుచి ఇప్పటికీ నాలిక మీద ఉంది.

రొట్టె పెట్టిన మనిషికి అడిగే హక్కు ఉంటుంది కదా. "ఆ సంచిలో ఏముండాదప్పా, అంత బరువుగా మోస్తాండావు?" అంది. పగిలిన ఇనుము అని చెప్పడానికి నోరు రాలేదు. దేవుడమ్మా అన్నాను. ఏ దేవుడని అడిగింది. ఆంజనేయస్వామి, ప్రతిష్ఠకి తీసుకుపోతున్నా అన్నాను. ఆమె సంచిని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. పెట్టెలో మిగిలినవాళ్ళు కాళ్ళు ముడుచుకుని నా సంచికి చోటిచ్చారు. అబద్ధం ఇంత సుఖంగా ఉంటే నిజం ఎవరికి కావాలి అనుకున్నాను. గుంతకల్లులో బొంబాయి బండి ఎక్కేటప్పుడు కూలీ కూడా ఆ సంచి నెత్తిన పెట్టుకుని చెప్పులు విడిచి నడిచాడు.

ఆదోని

మొన్నమొన్నటి దాకా బళ్ళారి జిల్లాలో ఉన్న ఊరు. మన రాష్ట్రం వచ్చాక కర్నూలు జిల్లాలో కలిసింది. ఆ సంగతి నేనెక్కిన జుట్కా అతనికి ఇంకా పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. గుర్రాన్ని కన్నడంలో అదిలించి, నాతో తెలుగులో మాట్లాడి, దారిలో అడ్డొచ్చిన వాణ్ణి ఉర్దూలో తిట్టాడు. కోట ఉన్న కొండ, కొండ కింద పత్తిలో గింజ తీసే జిన్నింగు మిల్లుల పొగగొట్టాలు. కొత్త పత్తి ఇంకా రాలేదు కాని, నిరుటి దూది ఇంకా కంచెలకి పట్టుకునే ఉంది.

ముందు హోటలుకి పోయాను. ఉప్మా అడిగితే ఉగ్గాని ఉందన్నారు. మనం మరమరాలు అనేవాటిని వీళ్ళు బొరుగులు అంటారు. వాటిని తడిపి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ తాళింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన ఒక మిరపకాయ బజ్జీ పెడతారు. రెండణాలు. గుంటూరు జిల్లా వాణ్ణి, నాకు మిరపకాయ ఒక లెక్కా అనుకుని బజ్జీ మొత్తం నోట్లో పెట్టుకున్నాను. హోటలతను రెండో గ్లాసు మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు.

మళ్ళీ జుట్కా ఎక్కి ధర్మ కార్ఖానా అనగానే అతను నవ్వాడు. ఊరికే చేసిస్తారని పోతున్నావేమో, అలా ఇవ్వరని హెచ్చరించాడు. మిల్లుల వెనక రేకుల షెడ్డు ముందు దింపాడు. లోపల ముక్కు మీద కళ్ళద్దాలు దారంతో కట్టుకున్న ఒక పెద్దాయన జిన్ను మిషను రోలరుకి నూనె పెడుతున్నాడు. యజమాని ఎక్కడ అని అడిగాను.

"ల్యాడప్పా."

"ఎప్పుడొస్తారు?"

"ఉంటే గదా వచ్చేకి" అన్నాడు తల ఎత్తకుండా.

ఆయన పేరు హంపన్న. ఆ కార్ఖానా మొదలుపెట్టింది ఆయనే. రైల్వే వర్కుషాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి సొంత ఊరు వచ్చాడట. అప్పట్లో మిల్లులో ఒక చక్రం విరిగితే బొంబాయి నుంచి రావాలి. అది వచ్చేదాకా మిల్లు ఆగితే యజమానికి కొంత నష్టం, కూలీలకి మాత్రం పొయ్యిలో పిల్లి లేవదు. అది చూసి ఆయనా, మరి నలుగురు పనివాళ్ళూ కలిసి దీన్ని ఒక సంఘంగా రిజిస్టరు చేయించారు. పని చేసినందుకు అందరికీ జీతం ఉంటుంది, ఆయనకీ పెద్ద మోల్డరుకీ ఒకటే జీతం. వస్తువుకి ధర కూడా గట్టిగానే తీసుకుంటారు. మిగిలింది మాత్రం ఎవరి ఇంటికీ పోదు. దానితో పనిముట్లు కొంటారు, కొత్తవాళ్ళకి పని నేర్పుతారు, ఏ కంపెనీకీ గిట్టుబాటు కాని చిన్న సామాను పల్లెల వాళ్ళకి చేసిపెడతారు. గొర్రుకి కర్రు, మగ్గానికి చక్రం, అటువంటివి.

అంతా రామరాజ్యమని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మలేదు. షెడ్డు పైకప్పుకి చిల్లులున్నాయి. రేకులు మార్చాలా, డ్రిల్లింగు మిషను కొనాలా అని వాళ్ళు ఎండాకాలం నుంచి కొట్లాడుకుంటున్నారు. నేనున్న గంటలోనే రెండుసార్లు ఆ తగువు వచ్చింది. మంచి లేతుపని వాడొకడు బొంబాయిలో జీతం ఎక్కువని వెళ్ళిపోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు హంపన్న గొంతులో కోపం లేదు, దిగులుంది.

గేటు పక్క అరుగు

నన్ను ఆపేసింది గేటు పక్కనున్న అరుగు. దానిమీద వరసగా చెడిపోయిన సామాను పెట్టి ఉంది. పగుళ్ళు పడ్డ కప్పీ, పళ్ళు వంకరపోయిన చక్రం, సగమే నిండిన పోత. ఒక్కొక్క దాని వెనక గోడమీద సుద్దతో రాత. మొదటి కప్పీ వెనక, కొలత మళ్ళీ చూడలేదని, ఇలా ఉంది: "హంపన్న. కొలత రెండోసారి చూడల్యా. తొందర."

ఇది మొక్కుబడా, శిక్షా అని అడిగాను. రెండూ కాదు, వాడుక అన్నాడు హంపన్న. తప్పు జరిగిన సరుకు ఏదైనా కరిగించే ముందు ఒక ఏడాది ఆ అరుగు మీద ఉండాలి. చేసినవాడే తన పేరూ, తప్పెక్కడ జరిగిందో తనే రాయాలి. ఇంకొకరు రాయకూడదు. వానకి రాత చెరిగిపోతే తనే మళ్ళీ రాయాలి. తమ ఊర్లో వాన తక్కువ కాబట్టి అంత కష్టం లేదని నవ్వాడు.

మా తెనాలిలో చెడిన సరుకుని ఏం చేస్తామో నాకు తెలుసు. ఎవరూ చూడకముందే కొలిమిలోకి తోసేస్తాం. పోటీవాడి చెవిన పడితే బజారులో పరువు పోతుంది. ఇది గేటు దగ్గరే ఎందుకు పెట్టారు, వచ్చే బేరం కూడా పోతుంది కదా అన్నాను. హంపన్న నూనెగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"లాభం సెడ్డదని నేను అననప్పా. అది తీసుకునేవోడు ఒగడు కూసోనుంటే, వానికి కోపమొస్తాదని కింద అందురూ తప్పు దాస్తారు. వాడూ దాస్తాడు. ఈడ ఎవునికోసం దాయల్ల?"

నేను నా సంచిని కాలితో కొంచెం వెనక్కి జరుపుకున్నాను. ఆయన చూశాడు.

నేను వెతుక్కుంటూ వచ్చిన మోల్డరు పేరు దావీదు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కౌతాళం దగ్గర పల్లెలో కూలి చేసుకునే కిరస్తానీ కుటుంబం. మా వైపు అచ్చుపని కులవిద్య, ఆచారుల ఇళ్ళలో తండ్రి కొడుక్కి చెబితే వచ్చేది. ఇతనికి హంపన్న పన్నెండేళ్ళ కింద తాపీ చేతికిచ్చి నేర్పించాడట. గుంటూరులో నేను చూసిన చక్రం అతను పోసిందే. మర్నాడు అతను ఎమ్మిగనూరు పోతున్నాడు, ఒక నేతపనివాడి మగ్గానికి పళ్ళచక్రం బిగించాలి. చేసినవాడే పోయి బిగించి రావడం కూడా వాళ్ళ వాడుకే. చూడ్డానికే వచ్చావు కదా, వెంట పోయి చూడు అన్నాడు హంపన్న. ఆయన ఆ మాట అన్న తీరు చూస్తే నా ఎత్తు ఆయనకి ముందే తెలిసిపోయిందేమోనని అనుమానం వచ్చింది.

ఎమ్మిగనూరు బస్సు

బస్సులో కండక్టరు నా సంచికి వేరే చార్జీ అడిగాడు. రైల్లో పనిచేసిన అబద్ధం నాలిక చివరే ఉంది. ఆంజనేయస్వామి అన్నాను. చార్జీ మాట మాని, సంచిని డ్రైవరు పక్కన పెట్టించి, కాళ్ళు తగలకుండా చూడమని అందరికీ చెప్పాడు. దావీదు నా వైపు ఒకసారి చూసి కిటికీలోకి తల తిప్పుకున్నాడు.

సగం దారిలో అసలు మాట కదిపాను. తెనాలి వస్తే ఇక్కడి జీతానికి రెట్టింపు ఇస్తాను, ఇల్లు చూపిస్తాను, మూడు పూటలా వరన్నం అన్నాను. అతను కాసేపు ఆలోచించాడు. నన్ను తేలిక చేయకుండా ఆలోచించాడు, అది నాకు నచ్చింది. తన భార్యకి వరన్నం తింటే కడుపు నిండినట్టుండదట, అది మొదటి ఇబ్బంది అన్నాడు. తరువాత అసలు సంగతి చెప్పాడు.

"నాకు పని నేర్పినప్పుడు ఏమీ అడగల్యాన్నా. నువ్వు ఇద్దురికి నేర్పల్ల, అంతే అన్న్యారు. ఒగనికి నేర్పినా. వాడు బొంబాయి పోయినాడు. ఇంగ ఇద్దురూ మిగిలే ఉండారు నా లెక్కలో."

లేతుపని కూడా నేర్చుకుని బొంబాయి పోయినవాడు ఇతని శిష్యుడేనన్నమాట. వాడు వెళ్ళిపోయాడు కదా, నువ్వొక్కడివీ ఎందుకు కట్టుబడాలి అన్నాను. వాడు పోయినందుకే తను ఉండాలి అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం. ఇతను రాకపోతే నా దగ్గర ఇంకో దారి లేదు.

ఈరన్న ఇంట్లో

ఎమ్మిగనూరులో వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి, గంజి పెట్టి ఆరబెట్టుకుంటున్నారు. మనుషులూ ఎద్దులూ దానికి పక్కగా ఒదిగి నడుస్తారు. మా ఊళ్ళో అయితే ఇద్దరు తగువు పడి, మూడోవాడు సైకిలు ఎక్కించేవాడు.

మేము పోయింది ఈరన్న అనే నేతపనివాడి ఇంటికి. నేల గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం. నేసిన బట్టని చుట్టుకునే దోనెకి ఈ పళ్ళచక్రం బిగిస్తే, అది ముందుకే తిరుగుతుంది, వెనక్కి జారదు. ఈరన్నకి ఆ ఏడాది భుజం పట్టేసింది. బట్ట వదులైనప్పుడల్లా లేచి బిగించలేడు. ఈ చక్రం వస్తే మళ్ళీ నిండుగా నేయగలనని రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాడట. దావీదు గుంటలో దిగి చక్రం తొడిగాడు. తిప్పాడు. అది ఉండవలసిన వైపు కాక రెండో వైపు పట్టుకుంది.

కొలతలు తీసుకోవడానికి దావీదు వచ్చిన రోజు ఈరన్న సంతకి పోయాడట. దావీదు పక్కింటి మగ్గం చూసి కొలుచుకుపోయాడు. మగ్గాలన్నీ ఒకలాగే ఉంటాయి కదా అని. ఈరన్న ఎడమచేతి వాటం మనిషి, మగ్గం కూడా దానికి తగ్గట్టే అమర్చుకున్నాడు. చక్రాన్ని తిరగేసి బిగిద్దామంటే దోనెలో దూరే గుబ్బ దానికి ఒకవైపే ఉంది.

నేనైతే ఆ క్షణంలో ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. నీ మగ్గమే తప్పుగా ఉందనేవాణ్ణి. దావీదు గుంటలోంచి పైకి వచ్చి ఈరన్న ఎదుట నిలబడ్డాడు. "తప్పు నాదేన్నా. నిన్ను సూడకుండా నీ మగ్గానికి కొలత తీసినా. ఇంగో వారంలో తెస్తా" అన్నాడు. ఈరన్న మొహం చిన్నబోయింది, భుజం నిమురుకున్నాడు. సరే అన్నాడు. అంతే. ఎవరూ అరవలేదు, ఎవరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోలేదు. నాకు కోటాచారి చొక్కా తొడుక్కుంటున్న దృశ్యం కళ్ళముందు ఆడింది.

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు అలికిడి. ఈరన్న భార్య పసుపు కుంకాల పళ్ళెంతో, వెనక నలుగురు ఆడవాళ్ళు కొబ్బరికాయతో. దావీదు ఎవరింటికి పోతున్నాడో తెలిసిన కండక్టరు బస్టాండులో చెప్పాడట, ఈరన్న ఇంటికి ఆంజనేయస్వామి వచ్చినాడని. సామిని బయటికి తీస్తే పసుపు పెట్టుకుంటామన్నారు. మూటలోనే ఉంచాలి, ప్రతిష్ఠ కాలేదు అని చెప్పబోయాను. దావీదు చేతిలో ఆ తప్పు చక్రం ఇంకా అలాగే ఉంది. నోరు తిరగలేదు.

సంచి విప్పాను. ఇది దేవుడు కాదమ్మా, నా ఫౌండ్రీలో చెడిపోయిన సరుకు, చెప్పుకోవడానికి సిగ్గేసి అబద్ధమాడాను అన్నాను. చెవులు కాలిపోతున్నాయి. ఆడవాళ్ళు ఇనుము వైపు చూశారు, నా వైపు చూశారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈరన్న భార్య మాత్రం ముందుకు వచ్చి ఆ ఇనుముకి పసుపు రాసి బొట్టు పెట్టింది. "తెచ్చిన కుంకం వాపసు తీసుకపోకూడదు. మా మగ్గానికి పెట్టేదే గదా, మీ ఇనుముకీ పెడితే ఏమైతాది" అంది.

దావీదు ముక్కని వెలుగులోకి తిప్పాడు. బుడగల్లో వేలు పెట్టి తడిమాడు. బుడగల గోడలు నున్నగా మెరుస్తున్నాయి, పైవైపు ఒక్కటీ లేదు, అన్నీ లోపలి బోలు వైపే ఉన్నాయి, ఇది ఇనుము జబ్బు కాదు, ఆవిరి అన్నాడు. సిలిండరు మధ్య బోలుగా రావడానికి ఇసకలో బెల్లపు మడ్డి కలిపి ఒక దిమ్మ చేసి పెడతాం, దాన్ని కోరు అంటాం. దాన్ని పొయ్యిలో బాగా ఎండబెట్టాలి. పచ్చిగా ఉంటే కరిగిన ఇనుము తగిలి ఆవిరి పుట్టి బుడగలు పడతాయి.

"కోరు ఎంతసేపు ఎండబెడతారన్నా మీ తావ?"

మా నాన్న కాలంలో ఒక రోజూ ఒక రాత్రీ. కోటాచారి కూడా అంతే. వేసవిలో ఆర్డర్లు మీద పడేసరికి, పోటీవాడికంటే ముందు సరుకు పంపాలని, ఒక పూట చాలని హుకుం జారీ చేసింది నేను. నేనే. మూడు నెలలుగా ఈ సంగతి నాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు, కాని దాని వైపు చూడలేదు. ఆ వీధిలో, ఆ ఆడవాళ్ళ ముందు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక పూటే అని చెప్పాను. ఎండిన కోరుని గోటితో కొడితే ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా పలుకుతుంది అన్నాడు దావీదు. "అది మీ ఆచారికి తెలిసే ఉంటాది" అన్నాడు.

తరువాత అందరినీ వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. జొన్న సంగటి, పుంటికూర పప్పు. పుంటికూర అంటే మన గోంగూరే, అయినా మాదే గొప్పది అనబోయి ఊరుకున్నాను. దావీదు పక్కన వరసలో కూర్చోవడానికి నా కాళ్ళు ఒక్క క్షణం వెనకాడాయి, అది కూడా రాయాలి. ఈరన్న తల్లి లోపల నుంచి గొణుగుతూనే ఉంది. ఈరన్న మాత్రం తన మగ్గం గుంటలో దిగిన మనిషిని వేరే కూర్చోబెట్టనన్నాడు. నేను కూర్చున్నాను.

మళ్ళీ ఆదోని

సాయంత్రం కార్ఖానాకి చేరగానే దావీదు ఇంటికి పోలేదు. చక్రం అరుగు మీద పెట్టి, సుద్ద తీసుకుని రాశాడు: "దావీదు. మనిషిని సూడకుండా మగ్గాన్ని కొల్సినా." రాసి, చేతులు దులుపుకుని, కొత్త అచ్చుకి చెక్క వెతకడానికి లోపలికి వెళ్ళాడు.

నేను హంపన్న దగ్గరికి పోయి అంతా చెప్పాను, అతన్ని ఎత్తుకుపోదామని వచ్చిన సంగతి కూడా. తెలుసన్నాడు. ఏటా ఒకరు వస్తారట. నా ముక్కని కూడా అక్కడే పెట్టి పోతానన్నాను. అక్కడ పెడితే తెనాలిలో ఎవరూ చూడరు కదా అని నాలో ఒక మూల ఉంది. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"మా అరుగు మా తప్పులకే సాలదప్పా. నీది నీ ఊర్లో పెట్టుకో."

తెనాలి

రైలు దిగి నేరుగా కోటాచారి ఇంటికి పోయాను. గంటకి మైనం దిద్దుకుంటున్నాడు. ఆచారిగారూ, తప్పు మీది కాదు, కోరు ఎండనివ్వనిది నేను అన్నాను. ఆయన మైనం మీద నుంచి చూపు తిప్పలేదు. నేను వసారాలో చాలాసేపు నిలబడి వచ్చేశాను.

మర్నాడు ఫౌండ్రీ ముందు అరుగు మీద ఆ ముక్క పెట్టి, గోడమీద సుద్దతో రాశాను: "వీరయ్య. కోరు ఎండకుండా పోయించాను. ఆచారి తప్పు లేదు." మా బావమరిది చూసి తల పట్టుకున్నాడు. నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు అన్నాడు. పోటీవాడు రెండుసార్లు సైకిలు మీద వచ్చి చదువుకుని పోయాడు. మిల్లు యజమానుల్లో ఒకాయన చదివి, నవ్వి, బెజవాడ పోయాడు. ఇద్దరు చదివి, సరే, ఇంకో పదిహేను రోజులు ఆగుతాం అన్నారు. మీరు ధర్మ కార్ఖానా పెట్టారా అని అడుగుతారేమో. లేదు. నాకంత మనసు లేదు. ఈ గోడమీద ఒక్క ముక్క రాయడానికే నా ప్రాణం సగమయింది.

నాలుగో రోజు వాన పడింది. ఆదోనిలోలా కాదు, మాకు కార్తీకంలో ముసురు పడితే వదలదు. రాత చెరిగిపోయింది. మానేద్దామా అనిపించింది, ఎవరడగొచ్చారు? అయినా వాడుక వాడుకే. తెరిపి ఇవ్వగానే సుద్దముక్క తీసుకుని బయటికి వచ్చాను. గోడ తుడిచి మళ్ళీ అవే మాటలు రాశాను. వెనక్కి తిరిగేసరికి గొడుగు చంకలో పెట్టుకుని కోటాచారి నిలబడి ఉన్నాడు.

ఆయన ఇనుము ముక్క వైపు చూశాడు. ఎమ్మిగనూరు కుంకం బుడగల్లో ఇంకా ఎర్రగానే ఉంది. చెయ్యి చాపాడు. సుద్ద ఇచ్చాను. ఆయన వంగి, నా రాత కింద, వణుకు లేని అక్షరాలతో రాశాడు.

"కోటాచారి. పచ్చి అని తెలిసీ పోశాను. వద్దని నోరు విప్పలేదు."

సుద్ద నా చేతిలో పెట్టి, లోపలికి నడిచి, చొక్కా విప్పి తన పాత మేకుకి తగిలించాడు. కోరు పొయ్యి మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

"ఇవాళ పోత లేదు. రేపు కూడా లేదు. ఎండాలి" అన్నాడు.

"సరే" అన్నాను.